మూసలో పోయే అక్షరాలు

మాది అవుసుల ఇల్లు. మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్ నుంచి లోపలికి పోయే సందుల్లో ఒకదాంట్లో తాత పెట్టిన వెండి దుకాణం ఉంది. తాత తర్వాత నాయిన, నాయిన తర్వాత నేను. కడియాలు, పట్టగొలుసులు, మొలతాళ్లు, కుంకుమ భరిణెలు చేస్తాం. పాత వెండి కొంటాం, కరిగిస్తాం. కరిగించడం గురించి, కరగనీయకుండా నేను దాచుకుంటున్న వాటి గురించి ఇవాళ రాస్తున్నా.

వెండి 961 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మూసలో వేసి మంట పెట్టిన నాణెం ఒక్కసారిగా ముద్ద అయిపోదు. ముందు ఎర్రబడుతుంది. తర్వాత అంచు మెత్తబడి కిందికి జారుతుంది. నడిమిట్ల ఉన్న అక్షరాలు మాత్రం ఇంకా కొంచెంసేపు కనిపిస్తూనే ఉంటాయి. చూస్తుండగానే వాటి గట్లు కుంగి, మీదంతా చదునై మెరుస్తుంది. చిన్నప్పటి నుంచి ఇది చూస్తూనే పెరిగాను, ఏమీ అనిపించేది కాదు. ఆ అక్షరాలు చదవడం వచ్చిన తర్వాత అలా చూస్తూ ఊరుకోవడం నా వల్ల కావట్లేదు.

నేను పోగు చేసేవి మధ్యయుగపు ఇస్లామీ వెండి నాణేలు. డమాస్కస్ నుంచి ముస్లిం రాజ్యాన్ని ఏలిన ఖలీఫాల దిర్హమ్‌లతో మొదలుపెట్టి మన పక్కనే గుల్బర్గాలో బహమనీ సుల్తానులు కొట్టించిన టంకాల దాకా. అన్నీ బిల్లుతో కొన్నవే, హైదరాబాద్ వ్యాపారుల దగ్గర కొన్ని, వేలాల్లో కొన్ని. నా స్తోమతకు తగ్గట్టు ఒక్కోటి, నిదానంగా. రోమన్ నాణేలు, గుప్తుల నాణేలు పోగు చేసే మిత్రులు "నీ వాటి మీద బొమ్మే ఉండదు కదా, ఏం చూస్తవు?" అంటారు. బొమ్మ లేకపోవడమే నన్ను పట్టుకుంది. రాజు ముఖం లేదు, దేవత లేదు, గుర్రం లేదు. వెండి బిళ్లకు రెండు వైపులా మాటలే. ఏ ఊళ్లో కొట్టారు, ఏ ఏట కొట్టారు, ఎవరి పేరు మీద కొట్టారు, ఎవరిని నమ్మి కొట్టారు, అన్నీ దాని మీదే రాసి ఉంటాయి. చదవగలిగినవాడికి అది ఒక దస్తావేజు.

మొదట్లో ఇస్లామీ నాణేలు కూడా బొమ్మలవే. ఇరాన్ గెలిచిన అరబ్బులు అంతకుముందు అక్కడ ఏలిన సాసానీ రాజుల నాణెం నమూనానే వాడుకున్నారు. ఒకవైపు కిరీటం పెట్టుకున్న ఖుస్రో, ఇంకోవైపు అగ్నివేదిక, అంచులో మాత్రం బిస్మిల్లా. ఖలీఫా అబ్దుల్ మలిక్ దాన్ని పూర్తిగా మార్చేశాడు. హిజ్రీ 77లో, అంటే 696-97లో బంగారు దీనారు, ఒకటి రెండేళ్లలోనే వెండి దిర్హమ్ బొమ్మ లేకుండా వచ్చేశాయి. ఒకవైపు మధ్యలో అల్లా తప్ప వేరే దైవం లేడన్న మాట, చుట్టూ "అల్లా పేరుతో, ఈ దిర్హమ్ ఫలానా ఊళ్లో ఫలానా ఏట కొట్టబడింది" అని. ఇంకోవైపు ఖురాన్‌లోని ఇఖ్లాస్ సూరా వాక్యాలు. ఆ తర్వాత వందల ఏళ్లపాటు, స్పెయిన్ నుంచి సింధు దాకా, వెండి నాణేలు దాదాపు అన్నీ కొద్దిపాటి తేడాలతో ఈ దారిలోనే నడిచాయి.

తూకం సంగతి మా వాళ్లకు వెంటనే అర్థమయ్యేది. పది దిర్హమ్‌లు ఏడు మిస్కాల్‌ల ఎత్తు ఉండాలన్నది లెక్క. మిస్కాల్ అంటే నాలుగుంబావు గ్రాములు, కాబట్టి దిర్హమ్ మూడు గ్రాములకు పిసరంత తక్కువ. నా దగ్గర ఇరాక్‌లోని వాసిత్ టంకశాలది ఒకటుంది, 2.88 గ్రాములు. వెడల్పు మన పాత రూపాయంత ఉంటుంది గానీ రేకంత పలచన. వేళ్ల మధ్య పట్టుకుంటే ఎక్కడ వంగుతుందో అని భయమేస్తుంది. ఢిల్లీ సుల్తానుల టంకా దీనికి పూర్తి తలకిందులు. చిన్న చుట్టు, మందం ఎక్కువ, పదకొండు గ్రాములకు అటూ ఇటూ. పాత తులం 11.66 గ్రాములు కదా, టంకా దానికి కొంచెం తక్కువ తూగుతుంది. మొదటిసారి అరచేతిలో పెట్టుకున్నప్పుడే, కాటాతో పని లేకుండా, ఇది మన తులం చుట్టమని చేతికి తెలిసిపోయింది.

ఆ మొదటి టంకా అలావుద్దీన్ ఖిల్జీది. ఢిల్లీ టంకాల్లో ఎక్కువగా దొరికేవి ఇతనివే, ధర కూడా మిగతా వాటికంటే అందుబాటులో ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేనిప్పటికీ ఇదే చెప్తాను, ముందు ఒక అలావుద్దీన్ టంకా కొనుక్కోండని. అక్షరం లావుగా, లోతుగా ఉంటుంది. తాత నిజాం కాలంలో చదివినవాడు, దుకాణం చిట్టా ఉర్దూలోనే రాసేవాడు. ఆ అక్షరాలు నాయినకు, నాయిన నుంచి నాకు వచ్చాయి. కాబట్టి "అల్-సుల్తాన్" అన్న మాట దానంతట అదే కంట పడింది. మిగతాది విడదీయడానికే టైం పట్టింది, ఎందుకంటే జాగా చాలక మాట మీద మాట ఎక్కించి చెక్కుతారు. ఒక వరుసలో తల ఉంటే దాని తోక పై వరుసలో తేలుతుంది. ఒకవైపు "అల్-సుల్తాన్ అల్-ఆజమ్ అలా అల్-దున్యా వల్-దీన్ అబుల్ ముజఫ్ఫర్ ముహమ్మద్ షా అల్-సుల్తాన్". అలావుద్దీన్ అన్నది బిరుదు, నాణెం మీద ఏలినవారి పేరు ముహమ్మద్ షా. రెండోవైపు "సికందర్ అల్-సానీ", రెండో అలెగ్జాండర్ అని తనను తాను చెప్పుకున్నాడు. దాని కింద ఖలీఫా పదవికి కుడిభుజమని, విశ్వాసుల నాయకుడికి తోడని. చుట్టూ అంచులో "ఈ వెండి హజ్రత్ దెహ్లీలో కొట్టబడింది" అని, తర్వాత ఏడాది మాటల్లో. నా దాని మీద ఏడు వందల పన్నెండు. మన లెక్కలో 1312-13.

ఆ ఏడాది నాకు ఊరికే వదిలేసేది కాదు. 1310 మొదట్లో అలావుద్దీన్ సేనాని మాలిక్ కాఫుర్ ఓరుగల్లు కోటను ముట్టడించి ప్రతాపరుద్రుడి దగ్గర సొమ్ము తీసుకుని ఢిల్లీ వెళ్లాడు. ఆ సంపద బరువుకు వెయ్యి ఒంటెలు మూల్గాయని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. మన సొమ్ము ఢిల్లీ ఖజానా చేరిన రెండు మూడేళ్లకు ఆ ఊళ్లోనే అచ్చయిన బిళ్ల మళ్లీ తెలంగాణలో ఒక అవుసలి చేతికి వచ్చింది. దాన్ని బయటికి తీసిన ప్రతిసారీ నాకు ముందు తోచేది ఈ సంగతే.

అలావుద్దీన్ నాణెం మీద ఖలీఫా పేరు లేదని గమనించారా? కుడిభుజమన్నాడు గానీ ఎవరికో చెప్పలేదు. దీని వెనక ఒక విచిత్రమైన కథ ఉంది, నాకు ఈ విద్య మొత్తంలో ఎంతో ఇష్టమైన కథ. టంకాను ఒక పద్ధతిలో పెట్టిన ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్‌కు 1229లో బాగ్దాద్ ఖలీఫా దగ్గర నుంచి గుర్తింపు వచ్చింది. అప్పటి నుంచి ఢిల్లీ నాణెం మీద బాగ్దాద్ ఖలీఫా పేరు ఉండటం మర్యాద అయింది. 1258లో మంగోలులు బాగ్దాద్ మీద పడి ఖలీఫా ముస్తాసిమ్‌ను చంపేశారు. బాగ్దాద్‌లో ఇక ఖలీఫానే లేడు. అయినా ఢిల్లీలో ఆయన పేరు ఆగలేదు. సుల్తాను బల్బన్ టంకా మీద ముస్తాసిమ్ ఉన్నాడు. 1290లో గద్దెనెక్కిన జలాలుద్దీన్ ఖిల్జీ టంకా మీద కూడా ఉన్నాడు. చనిపోయి ముప్పై ఏళ్లు దాటినా ఒక మనిషి పేరు మీద వెండి చెల్లుబాటు అయింది! బల్బన్ టంకా కొన్నాక ఆ రెండు మాటలు, "అల్-ఇమామ్ అల్-ముస్తాసిమ్", వెతికి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలావుద్దీన్ వచ్చి ఆ పేరు తీసేశాడు. ఆయన కొడుకు కుత్బుద్దీన్ ముబారక్ ఇంకో అడుగు వేసి నాణెం మీద తనే ఖలీఫానన్నాడు. ఒక పదవి ఎట్లా ఖాళీ అయ్యిందో, ఆ ఖాళీలోకి ఒకడు ఎట్లా నడిచి వెళ్లి కూర్చున్నాడో మూడు బిళ్లలు వరుసగా పెడితే కనిపిస్తుంది. ఏ పాఠంలోనూ నాకు ఇంత సూటిగా కనిపించలేదు.

ఇక బహమనీలు. ఇది మన దిక్కు కథ. 1347లో హసన్ బహమన్ షా ఢిల్లీ నుంచి విడిపోయి రాజ్యం పెట్టినప్పుడు నాణెం మీద ఏం రాయించాడు? అచ్చం అలావుద్దీన్ మాటలే. "సికందర్ అల్-సానీ" అన్న బిరుదుతో సహా. చరిత్ర రాసేవాళ్లు దీన్ని గొప్పలకు పోవడమంటారు. నాకు వేరేగా అనిపిస్తుంది, దుకాణంలో కూర్చునేవాడికి ఇది తేలికగా తడుతుంది. కొత్త రాజు, కొత్త వెండి. అంగట్లో జనం తీసుకోవాలంటే వాళ్లు ముప్పై ఏళ్లుగా నమ్మిన రూపు, నమ్మిన తూకం ఉండాలి. పాత ముద్ర కనిపిస్తేనే నాణేలు మార్చే సరాఫు చెయ్యి చాపుతాడు.

పైగా మన నేల బంగారు నాణేలది. కాకతీయుల కాలపు శాసనాలు చూడండి, నల్గొండ పానగల్లు గుడి దగ్గర గానీ, ఇంకెక్కడ గానీ, దానాలు మాడల్లో, గద్యాణాల్లో, రూకల్లో ఉంటాయి. తులమంత వెండి బిళ్ల ఇక్కడ బయటిది. అది నిలదొక్కుకోవడం సులువుగా జరగలేదు. రెండో సుల్తాను మొదటి ముహమ్మద్ షా కాలంలో ఇక్కడి సరాఫులు బహమనీ నాణేలను పట్టుకుపోయి కరిగించేవారని, విజయనగరం, తెలంగాణ రాజులే వాళ్లను ఉసిగొల్పారని, ఎన్నిసార్లు హెచ్చరించినా వినకపోతే సుల్తాను వాళ్లను చంపించి ఆ వ్యాపారం ఉత్తరాది ఖత్రీలకు అప్పజెప్పాడని ఫెరిస్తా రాశాడు. ఫెరిస్తా బీజాపూర్‌లో కూర్చుని ఇది రాసింది రెండున్నర శతాబ్దాల తర్వాత, సుల్తానుల కొలువులో ఉండి. ఎంత నిజమో, ఎంత పెంచాడో ఎవరికి వాళ్లు బేరీజు వేసుకోవాల్సిందే. కానీ చచ్చిపోయినవాళ్లు మా వృత్తివాళ్లు. మూస, కుంపటి, ఊదుగొట్టం పట్టినవాళ్లు. నేను బహమనీ టంకా చేతికి తీసుకుంటే అది మూస దాటుకుని వచ్చిన బిళ్ల అని గుర్తుంటుంది.

మధ్యలో తుగ్లక్‌ల సంగతి కూడా చెప్పాలి. ప్రతాపరుద్రుడి రాజ్యం 1323లో పడిపోయాక ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. తుగ్లక్ నాణేల్లో కొన్నింటి మీద టంకశాల పేరు "ముల్క్-ఇ-తిలంగ్" అని ఉంటుంది. తెలంగాణ దేశం! నాణెం మీద మన నేల పేరు అరబ్బీ అక్షరాల్లో. అవి నా అందుబాటులో లేనివి, ఫొటోల్లో చూసి తృప్తి పడుతున్నా. ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఇత్తడి టంకా మాత్రం ఒకటుంది నా దగ్గర, వెండి కాకపోయినా వెండి గురించే కాబట్టి పెట్టుకున్నా. 1330 ప్రాంతంలో ఇత్తడి బిళ్ల మీద ముద్ర వేసి దీన్నే వెండి టంకా కింద తీసుకోమన్నాడు. "సుల్తానుకు లోబడినవాడు దయామయుడికి లోబడినట్టే" అని దాని మీద రాయించాడు. ఇంటింటా టంకశాల వెలిసిందని ఆ కాలపు చరిత్రకారుడు బరనీ అంటాడు. అవ్వదా మరి? ఇత్తడి పోత పోయడం వచ్చిన ప్రతివాడికీ అది వెండి చేసుకునే దారి. గీటురాయి మీద సర్కారు ఇత్తడి, దొంగ ఇత్తడి ఒకటే గీత గీస్తాయి. చివరికి అన్నింటినీ వెనక్కి తీసుకుని ఖజానా వెండి, బంగారం ఇవ్వాల్సి వచ్చింది.

దిర్హమ్‌లు చదవడం టంకాల కంటే కష్టం. వాటి మీది పాత అరబ్బీ లిపి, కూఫీ, గీతలు గీసినట్టు నిటారుగా ఉంటుంది, చుక్కలు ఉండవు. చుక్క లేకపోతే అరబ్బీలో బే, తే, నూన్, యే అన్నీ ఒక్కటే పన్ను, అంటే రంపం పన్నులా పైకి లేచిన చిన్న గీత. నా ఉర్దూ ఇక్కడ సాయం రాలేదు. మా వీధి చివర మసీదులో అరబ్బీ చెప్పే మౌల్వీ సాబ్ దగ్గరికి పోయాను. ఆయన బల్ల మీద నాణెం పెట్టగానే ముట్టుకోలేదు. లేచిపోయి నమాజుకు ముందు కడుక్కున్నట్టు వజూ చేసుకొచ్చి, రుమాలు పరిచి, దాని మీద పెట్టించుకుని అప్పుడు చూశాడు. "చారీ సాబ్, దీని మీద కలామ్, దేవుడి మాట, ఉంది" అన్నాడు. ఆ రోజు నుంచి నేనూ చేతులు కడుక్కోకుండా దిర్హమ్‌లు తీయను.

ఆ నాణెం హారూన్ అల్ రషీద్ కాలపుది. టంకశాల "మదీనత్ అల్-సలామ్", అంటే బాగ్దాద్. ఏడాదిలో ఒకట్ల స్థానం రెండు, వందల స్థానం నూరు, అంతవరకూ స్పష్టంగా ఉంది. పదుల స్థానం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. డెబ్బై అంటే సబ్ఈన్, తొంభై అంటే తిస్ఈన్. చుక్కలు తీసేస్తే రెండింటికీ వరుసగా నాలుగు పళ్లు, ఆ తర్వాత ఐన్ అక్షరం. సబ్ఈన్‌లో ముందు సీన్ తాలూకు మూడు పళ్లు, తర్వాత బే పన్ను. తిస్ఈన్‌లో ముందు తే పన్ను, తర్వాత సీన్ మూడు. 172నా, 192నా? రెండూ హారూన్ ఏలుబడిలోవే, కాబట్టి రాజును బట్టి తేల్చుకునే వీలు లేదు. "నాలుగింట్లో పొడుగు పన్ను ఏది?" అని అడిగాడు మౌల్వీ సాబ్. ఆయన చూపు ఆనట్లేదు. నేను నగిషీ పనికి వాడే భూతద్దం కంటికి పెట్టుకుని, లైటు పక్కవాటుగా పెట్టి చూశాను. అచ్చు చెక్కినవాడు కుడి నుంచి మొదటి పన్నును వెంట్రుక వాసి ఎత్తుగా తీసి, మిగతా మూడింటినీ సమంగా పెట్టాడు. ఆ ఎత్తు వెండిలో ఇంకా ఉంది. తిస్ఈన్. 192, అంటే 807-08. హారూన్ చనిపోవడానికి ఇంకా ఏడాది ఉంది. పన్నెండు వందల ఏళ్ల కింద బాగ్దాద్‌లో ఇనుము మీద పని చేసిన ఒకతను, తన తర్వాత చదివేవాడు పొరపడొద్దని తీసుకున్న జాగ్రత్త అది. ఉలి పట్టినవాణ్ని కాబట్టి ఆ వెంట్రుక వాసి ఎంత పనో నాకు తెలుసు.

నకిలీల గురించి చాలామంది అడుగుతుంటారు. ఈ మధ్య ఎక్కువైపోయాయి. పోతపోసినవి కొన్ని, కొత్తగా అచ్చు చెక్కి కొట్టినవి కొన్ని. గీటురాయి మీద రుద్దితే నాణెం పాడవుతుంది, దాని జోలికి పోవద్దు. దుకాణాల్లో ఎక్స్‌రేతో లోహం పరీక్షించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం పైపొరనే చదువుతుంది. మట్టిలో వందల ఏళ్లున్న వెండికి పైపొరలో రాగి పోయి వెండి ఎక్కువ కనిపిస్తుంది, వెండి పూత, అంటే మలామా, వేసినవైతే యంత్రాన్ని ఇంకా తేలిగ్గా మోసం చేస్తాయి. నేను నమ్మేది నీళ్ల పరీక్ష. పాయింట్ సున్నా ఒకటి గ్రాము దాకా చూపే కాటా మీద గ్లాసులో నీళ్లు పెట్టి సున్నా చేయాలి. నాణేన్ని సన్న దారానికి కట్టి, గ్లాసు అడుగుకు, గోడలకు తగలకుండా పూర్తిగా మునిగేట్టు వేలాడదీయాలి. గాలిబుడగ అంటుకుంటే తీసేయాలి. అప్పుడు కాటా చూపే అంకె, నాణెం పక్కకు నెట్టిన నీళ్ల బరువు. దానితో నాణెం బరువును భాగించడమే. నా అలావుద్దీన్ టంకా 10.85 గ్రాములు, నీళ్లలో 1.04. భాగిస్తే 10.43. మేలిమి వెండికి 10.49 రావాలి, కాబట్టి దిట్టమైన వెండి. మొన్న ఒక తమ్ముడు ఆన్‌లైన్‌లో కొన్న టంకా తెచ్చాడు, 10.9 గ్రాములు, చూడ్డానికి చక్కగా ఉంది. నీళ్లలో 1.25 చూపింది. అంటే 8.72. వెండి లేని జర్మన్ సిల్వర్ లెక్క అది. తమ్ముడి మొహం చూడలేకపోయా. బరువు సరిపోయింది కదా అని కొన్నాడు. బరువు సరిపెట్టడం నకిలీ చేసేవాడికి అన్నింటికంటే సులువైన పని.

రాతి మీద మోగించి చూడటం కూడా మానుకోవాలి. పాత వెండి లోపల పెళుసెక్కి ఉంటుంది, కిందపడితే రెండు ముక్కలవుతుంది. చింతపండు, కుంకుడు రసం, సబీనా, ఏదీ పెట్టొద్దు. మేం దుకాణంలో నల్లబడ్డ వెండిని తెల్లగా చేసే పద్ధతులన్నీ నాణేనికి హానే. నలుపు దాని చర్మం. దాన్ని తీస్తే సన్నని గీతలు కూడా దానితో పోతాయి.

ఇక్కడ మిగతా సేకరణదారులతో నాకు పడని విషయం ఒకటుంది. టంకాల మీద, ఆ తర్వాతి రూపాయల మీద చిన్న గాట్లు, పొడుపు గుర్తులు ఉంటాయి. సరాఫులు వెండి నికార్సైనదా, లోపల రాగి ఉందా అని చూడటానికి వేసినవి. అవి ఉంటే ధర పడిపోతుంది, చాలామంది ముట్టుకోరు. నాకు మాత్రం అవే ముందు కావాలి. అచ్చు రాజుది, గాటు అంగట్లో మనిషిది. ఒక్కో గాటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారిన సందర్భం. ఇది మన దగ్గరే కాదు. మధ్య ఆసియాలో సామానీ రాజులు కొట్టిన దిర్హమ్‌లు నదుల వెంట వ్యాపారుల చేతుల్లో ఉత్తరానికి పోయి స్కాండినేవియా చేరాయి. అక్కడివాళ్లకు ఆ రాత తెలియదు, రాజు తెలియదు, వెండి మాత్రం తెలుసు. కత్తి మొనతో పొడిచి చూసేవాళ్లు, సరిపడా తునక నరికి తూచి ఇచ్చేవాళ్లు. 1999లో స్వీడన్‌లోని గోట్‌లాండ్ దీవిలో స్పిల్లింగ్స్ అనే చోట పొలంలో 67 కిలోల వెండి బయటపడింది. అందులో పద్నాలుగు వేలకు పైగా నాణేలు, దాదాపు అన్నీ ఇస్లామీవే. ఎక్కడి సమర్‌ఖండ్, ఎక్కడి గోట్‌లాండ్! పొడిచి చూసే చెయ్యి మాత్రం అంతటా ఒకటే.

నా వృత్తికీ ఈ సేకరణకూ ముడి వేసిన మనిషి ఠక్కుర ఫేరు. జైనుడు. అలావుద్దీన్ ఖిల్జీ కొలువులో ఖజానా పని చూసినవాడు, ఢిల్లీ టంకశాలలో అనుభవం ఉన్నవాడు. 1318లో 'ద్రవ్యపరీక్ష' అని నాణేల మీదే ఒక గ్రంథం రాశాడు. లోహాన్ని శుద్ధి చేయడం ఎట్లా, ఏ రాజు నాణెంలో ఎంత వెండి, ఎంత రాగి, దాని మారకం విలువ ఎంత, ఇట్లా రెండు వందలకు పైగా రకాల నాణేల లెక్క రాసిపెట్టాడు. టంకశాలకు కరగడానికి వచ్చిన పాత నాణేలను చూసి చూసి రాసిన లెక్క ఇది. అవి ఎట్లాగూ మూసలోకి పోయేవే. పోయేలోపు ఆయన వాటిని తూచాడు, పరీక్షించాడు, పేరు రాసుకున్నాడు. ఆయన లెక్కలను ఇవాళ్టి యంత్రాలు తీసిన లెక్కలతో సరిచూసే పరిశోధకులు ఉన్నారు. సుల్తాను బిరుదులు పెద్ద అక్షరాల్లో ఉన్న ఆ టంకాల వెనక, సంస్కృత, ప్రాకృత సంప్రదాయంలో పెరిగిన ఒక వెండి పరీక్షకుడు కూర్చుని ఉన్నాడు. ఇంతకుముందు మహమూద్ గజనీ కూడా 1027-28లో మహమూద్‌పూర్‌లో, అంటే లాహోర్‌లో, ఒక దిర్హమ్ కొట్టించాడు. ఒకవైపు అరబ్బీ, ఇంకోవైపు శారదా లిపిలో సంస్కృతం: "అవ్యక్తమేకం, మహమ్మద అవతార, నృపతి మహమూద". కల్మాను, అంటే ఇస్లాం విశ్వాస వాక్యాన్ని, ఒక సంస్కృతం తెలిసినతను ఇట్లా చెప్పాడు. ఎవరో ఒక పండితుడు, ఎవరో ఒక చెక్కేవాడు పక్కపక్కన కూర్చోకుండా ఈ బిళ్ల అయ్యేది కాదు.

ఠక్కుర ఫేరు గురించి తెలిసిన తర్వాత నేనూ ఒక నోటు పుస్తకం పెట్టాను. కరగడానికి వచ్చిన ప్రతి నాణెం బరువు, నీళ్ల లెక్క, రెండు వైపుల ఫొటో, చదవగలిగినంత రాత. ఎక్కువగా వచ్చేవి ఇంగ్లీషు రూపాయలు, నిజాం చార్మినార్ రూపాయలే. అప్పుడప్పుడూ నారాయణపేట రూపాయి వస్తుంది. మన నారాయణపేటలో ఒకప్పుడు టంకశాల ఉండేదని, నాణేల మీద ఆ ఊరి పేరు దిల్షాదాబాద్ అని ఆ ఊరివాళ్లకే చాలామందికి తెలియదు. మధ్యయుగం నాటిది కాకపోయినా ఆ రూపాయిని కరిగించడానికి నేను ఒప్పుకోను. వెండి రేటు కంటే ఎక్కువే ఇచ్చి పక్కన పెడతాను. భూమిలో దొరికిందని ఎవరైనా తెస్తే మాత్రం కొనను. "దీన్ని కలెక్టర్ ఆఫీసుల చెప్పాలె అన్నా, చట్టం గట్లనే ఉన్నది" అని చెప్పి పంపిస్తాను. కుండలో దొరికిన నాణేలు కుండతో సహా చూస్తేనే వాటి కథ తెలుస్తుంది, విడివిడిగా అమ్ముడుపోతే ఆ కథ పోయినట్టే. వందేళ్లు దాటిన నాణెం దేశం దాటించడం కూడా నేరమేనని గుర్తుంచుకోండి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో నాణేలు చూసి రండి, పిల్లల్ని తీసుకుపోండి. అద్దం వెనక ఉన్నా, నిదానంగా నిలబడితే చదవొచ్చు.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది ఫిరోజ్ షా బహమనీ టంకా. గుల్బర్గాలో, అంటే అప్పటి అహసనాబాద్‌లో కొట్టింది. ఈయనే మన వనపర్తి దగ్గరి పానగల్ కోటను పట్టుకోవాలని పెద్ద సైన్యంతో వచ్చి, రెండేళ్లు ముట్టడించి, విజయనగరం చేతిలో ఓడిపోయి తిరిగిపోయాడు. ఆ ముట్టడి 1417 నుంచి, హిజ్రీలో 820 ప్రాంతం. నా టంకా మీద ఎనిమిది వందల ఇరవై దాకా చదవొచ్చు, ఒకట్ల స్థానం అంచు దాటి బయటికి పోయింది. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది, అందుకే ఈ టంకాల్లో చాలావాటికి ఇదే గతి. ముట్టడి నడుస్తుండగా కొట్టిందా, ఓడిపోయి తిరిగెళ్లాక కొట్టిందా అన్నది ఆ ఒక్క స్థానంలో ఉంది. అదే అచ్చుతో కొట్టిన ఇంకో టంకా దొరికి, దాంట్లో బిళ్ల ఆ పక్కకు కొంచెం జరిగి ఉంటే తేలిపోతుంది. గుర్తు చెప్తాను: "ఫిరోజ్" అన్న మాటలో రే తోకకు ఆనుకుని అచ్చులో చిన్న పగులు ఉంది, వెండి మీద అది ఆవగింజంత బొడిపెలా లేచి కనిపిస్తుంది. మీ ఇంట్లో, మీకు తెలిసిన సరాఫు దగ్గర, కరిగించడానికి పెట్టిన పాత వెండిలో ఇట్లాంటిది ఉంటే తోమకుండా, రెండు వైపులా, పక్కవాటు వెలుతురులో ఫొటో తీసి బరువుతో సహా పంపండి.